థీసిస్‌లోని సాహిత్య సమీక్షను రివ్యూ ఆర్టికల్‌గా పంపొచ్చా?

అనంత_బాటనీ:
అందరికీ నమస్తే. అనంతపురంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. వేరుశనగలో బెట్టను తట్టుకునే లక్షణాలు నా టాపిక్. థీసిస్ రెండో అధ్యాయం, అంటే సాహిత్య సమీక్ష, పూర్తయింది. 14 వేల పదాలు, 210 రిఫరెన్సులు. దీన్నే కొంచెం తగ్గించి రివ్యూ ఆర్టికల్‌గా పంపమని గైడ్ సార్ అంటున్నారు. సిమిలారిటీ (వేరే రాతలతో పోలిక) 31 శాతం చూపిస్తోంది. వేరేవాళ్ల పేపర్ల నుంచి తీసుకున్న బొమ్మలు నాలుగున్నాయి, కింద రిఫరెన్సు ఇచ్చినాను, అది చాలదా? ఫీజు కట్టే స్తోమత లేదు. వారంలో వేస్తామని ఒక జర్నల్ నుంచి మెయిల్ కూడా వచ్చింది. ఆలస్యం కాకుండా రెండు జర్నళ్లకు ఒకేసారి పంపితే తప్పా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండబ్బా.

కడప_ఫిజియాలజీ:
చివరిదానికి ముందు జవాబు: తప్పే. పంపేటప్పుడే "ఇది వేరే ఎక్కడా పరిశీలనలో లేదు" అని మీతో టిక్ పెట్టిస్తారు. బయటపడితే రెండు చోట్లా పోతుంది, మీ గైడ్ పేరు కూడా దాంతోపాటే.

ఇక అసలు సంగతి. 14 వేలను 8 వేలకు కత్తిరించినంత మాత్రాన అధ్యాయం రివ్యూ కాదు. మీరు చదివారని పరీక్షకులకు చూపడానికి అధ్యాయం. రివ్యూ చదివేవాడికి అది అక్కర్లేదు, అన్ని పేపర్లూ పక్కపక్కన పెడితే ఏం తేలిందో అతనికి కావాలి. "ఫలానావాళ్లు 2009లో ఇది గమనించారు, ఫలానావాళ్లు 2013లో అది గమనించారు" అని పేరా తర్వాత పేరా నడిస్తే ఎడిటర్ దగ్గరే ఆగిపోతుంది, రివ్యూయర్ల దాకా పోదు.

"వేరుశనగలో బెట్ట సహనం" అన్నది టాపిక్. ప్రశ్న ఇట్లా ఉండాలి: కుండీల్లో, పీఈజీ (ల్యాబ్‌లో కృత్రిమంగా బెట్ట కలిగించే పాలీఇథిలీన్ గ్లైకాల్) ద్రావణంలో బెట్టను తట్టుకున్నట్టు కనబడిన లక్షణాలు వర్షాధార పొలంలో కాయ దిగుబడి దాకా నిలిచాయా? దీనికి కారణం కూడా ఉంది. పీఈజీలో మొలకకు ఒక్కసారిగా ఆస్మాటిక్ దెబ్బ, అంటే నీరు పీల్చుకోలేని స్థితి, తగులుతుంది. మన ఎర్రనేలలో తేమ రోజురోజుకూ తగ్గుతుంది, వేరు లోతుకు పోవడానికి వ్యవధి దొరుకుతుంది. పైగా ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపు వాన పడే అనంతపురంలో వాన ఎప్పుడు ఎగ్గొడుతుందన్నదే ముఖ్యం. పూతకు ముందు వచ్చిన బెట్ట నుంచి పంట తేరుకోగలదు. ఊడలు దిగేటప్పుడు, కాయ ఊరేటప్పుడు వస్తే దిగుబడి పోతుంది. కోతకు ముందు వారాల్లో వస్తే అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం కూడా పెరుగుతుంది. ఈ మూడింటినీ "డ్రాట్" అనే ఒకే మాట కింద కలిపేసినందుకే పేపర్లు ఒకదానికొకటి పొసగనట్టు కనిపిస్తాయి. ఆ వైరుధ్యాన్ని విడదీసి చూపితే మీ రివ్యూకు ఉనికి వస్తుంది.

చట్రం కావాలంటే పాసియూరా సమీకరణం ఉండనే ఉంది: దిగుబడి అంటే మొక్క వాడుకున్న నీరు, ఆ నీటితో పెంచిన బరువు, అందులో కాయగా మారిన వాటా, ఈ మూడింటి గుణకారం. ఒక్కో అధ్యయనం ఈ మూడింటిలో దేన్ని తాకిందో చూడండి. ఎస్పాడ్ మీటర్ (ఆకు పచ్చదనం కొలిచేది) రీడింగులు, ఎస్‌ఎల్‌ఏ (ఆకు బరువుకు ఆకు వైశాల్యం), కార్బన్ ఐసోటోపు పేపర్లన్నీ రెండో దాంట్లోకే పోతాయి. మూడోదాని మీద ఎంత తక్కువ ఉందో అప్పుడు మీకే తెలుస్తుంది.

రాయడానికి ముందు ఎక్సెల్‌లో పట్టిక వేయండి. పేపర్‌కు ఒక వరుస. గడులు: రకం, ఏ దశలో బెట్ట, ఎన్ని రోజులు, కుండీనా పొలమా, నేల, ఏం కొలిచారు, కాయ దిగుబడి చూశారా లేదా, ఎన్ని సీజన్లు. 210 వరుసలు నింపితే వాటిలో కొన్ని మీ ప్రశ్నకు సంబంధమే లేనివని తేలుతుంది, తీసేయండి. ఆ పట్టికను కుదిస్తే అదే మీ ప్రధాన టేబుల్.

ఒక జాగ్రత్త. 2000లో అనంతపురం జిల్లాలో కాండం కుళ్లు వైరస్ 2.25 లక్షల హెక్టార్లను దెబ్బతీసిందనీ, 300 కోట్లకు పైగా నష్టమనీ ప్రతి ఇంట్రడక్షన్‌లోనూ కనిపిస్తుంది. ఇట్లాంటి అంకెకు మొదటి పేపర్‌ను తెరిచి దాన్నే ఉటంకించండి. మధ్యలో ఎవరి చేతిలోనైనా ఒక సున్నా జారి ఉంటే ఆ తప్పును మీరూ మోస్తారు. వేరుశనగ రకాల్లో టీఎంవీ-2 1940 నాటిది, కదిరి-6 2005లో విడుదలైంది. రకాల సంవత్సరాలను కూడా ఇంకో రివ్యూ నుంచి ఎత్తుకోకుండా విడుదల వివరాల్లోనే సరిచూసుకోండి.

కర్నూలు_లైబ్రరీ:
పై సార్ చెప్పిన పట్టికలోకి పేపర్లు ఎట్లా వచ్చాయన్నది కూడా రివ్యూయర్ అడుగుతాడు. గూగుల్ స్కాలర్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. వెయ్యికి మించి ఫలితాలు చూపదు, ఈరోజు వచ్చిన వరుస రేపు రాదు. పేపర్ల డేటాబేసుల్లో స్కోపస్ గానీ వెబ్ ఆఫ్ సైన్స్ గానీ ఒకటి, వ్యవసాయానికి క్యాబ్ అబ్‌స్ట్రాక్ట్స్ ఒకటి పెట్టుకోండి. సైన్స్‌డైరెక్ట్‌లో వెతికి "డేటాబేస్ వెతికాం" అని రాసేవాళ్లున్నారు. అది ఒక ప్రచురణకర్త సైటు మాత్రమే.

పదాలు జాగ్రత్త. మన పేపర్లలో గ్రౌండ్‌నట్, అమెరికా పేపర్లలో పీనట్. రెండూ, శాస్త్రీయ నామం అరాకిస్ హైపోజియా కూడా ఓఆర్ (OR) అనే మాటతో కలిపి వెతకండి. డ్రాట్‌తో పాటు వాటర్ డెఫిసిట్, వాటర్ స్ట్రెస్, మాయిశ్చర్ స్ట్రెస్ కూడా పెట్టాలి. మాయిశ్చర్ స్ట్రెస్ వదిలేస్తే మన దేశపు పొలం ప్రయోగాలు చాలా జారిపోతాయి. పొలం డేటా కొంత థీసిస్‌లలోనే ఉండిపోయింది కాబట్టి థీసిస్‌లు ఆన్‌లైన్‌లో దాచే శోధ్‌గంగ, కృషికోశ్ కూడా చూడాలి.

ఫుల్ టెక్స్ట్‌కు డబ్బు పెట్టొద్దు. 2025 జనవరి 1 నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు 30 ప్రచురణ సంస్థల జర్నళ్లు, సుమారు 13 వేలు, అందుబాటులో ఉన్నాయి. మీ లైబ్రరీలో అడగండి.

రిఫరెన్సులు చేత్తో టైప్ చేయకండి. రిఫరెన్సులు దాచి, వర్డ్‌లో పెట్టే జొటేరో సాఫ్ట్‌వేర్ ఉచితం. ఆన్‌లైన్‌లో 300 ఎంబీ దాకానే ఉచిత స్థలం, కాబట్టి పీడీఎఫ్‌లు మీ కంప్యూటర్‌లోనే పెట్టుకుని వివరాలు మాత్రం సింక్ చేసుకోండి. ఉపసంహరించిన పేపర్ మీ సేకరణలో ఉంటే అదే హెచ్చరిక చూపిస్తుంది. పంపే ముందు రోజు ఒకసారి చూడండి. ఉపసంహరించిన పేపర్‌ను రుజువుగా చూపిన రివ్యూ మీద రివ్యూయర్‌కు నమ్మకం ఉండదు. వర్డ్‌లో అన్‌లింక్ (రిఫరెన్సులకు జొటేరోతో ఉన్న లంకె తెంచడం) చేసేది కాపీలోనే చేయండి, అసలు ఫైలులో చేస్తే రివిజన్ అప్పుడు రిఫరెన్సులన్నీ మళ్లీ మొదటి నుంచి.

అనంత_బాటనీ:
చాలా థ్యాంక్స్ సార్. ప్రిస్మా చార్ట్ (ఎన్ని పేపర్లు దొరికాయి, ఎన్ని తీసేశాం అని చూపే బొమ్మ) పెట్టాల్సిందేనా? సీనియర్ ఒకరు పెడితే విలువ పెరుగుతుందన్నారు.

కర్నూలు_లైబ్రరీ:
అలంకారానికి పెట్టొద్దు. ప్రిస్మా 2020లో 27 అంశాలున్నాయి. సిస్టమాటిక్ రివ్యూ (ముందే నియమాలు పెట్టుకుని పేపర్లు ఏరే రివ్యూ) అని పేరు పెడితే అవన్నీ చూపాలి: ఇద్దరు విడివిడిగా పేపర్లు ఏరారా, ఎన్ని తీసేశారు, ఎందుకు, పక్షపాతం ఎట్లా అంచనా వేశారు. ముందే చదివేసిన 210 పేపర్లకు తర్వాత చార్ట్ గీస్తే అంకెలు పొసగవు, రివ్యూయర్ కూడికలు వేసి పట్టేస్తాడు. మీది నెరేటివ్ రివ్యూ అని నిజాయితీగా చెప్పి ఒక్క పేరా రాయండి: ఏ డేటాబేసులు, ఏ పదాలు, చివరిగా వెతికిన తేదీ, ఏవి ఎందుకు వదిలేశారు. శాన్రా అనే ఆరు అంశాల కొలబద్ద ఇట్లాంటి రివ్యూల కోసమే ఉంది, దాంతో మీరే మార్కులు వేసుకుని చూడండి.

పెన్నా_ఒడ్డు:
మిగిలినవాటికి నేను చెప్తాను.

31 శాతం. అంకెకంటే ఆ రిపోర్టు లోపల ఏముందో చూడాలి. ముందు రిఫరెన్సుల జాబితా మినహాయించి మళ్లీ తీయించండి. ఇరవై చోట్ల ఒక్కో శాతం ఉంటే ఎడిటర్ పట్టించుకోడు. ఒకే పేపర్ నుంచి 8 శాతం ఉంటే కారణం అడుగుతాడు. యూజీసీ 2018 నిబంధనల్లో 10 శాతం దాకా శిక్ష లేదన్నది మీ విశ్వవిద్యాలయానికి. జర్నళ్లు ఐథెంటికేట్ అనే పోలికలు పట్టే సాఫ్ట్‌వేర్‌లో తమ సొంత చూపుతో చూస్తాయి. అధ్యాయాల్లో ఈ శాతం పెరిగేది అబ్‌స్ట్రాక్ట్‌ను పక్కన పెట్టుకుని వాక్యాలు తిప్పి రాయడం వల్ల. పేపర్ మూసేసి, పట్టికలోని వరుసలు చూసి రాయండి, తగ్గిపోతుంది. పారాఫ్రేజ్ సాఫ్ట్‌వేర్ల జోలికి పోవద్దు. "ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్"ను "కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్" చేసిన ఘనత వాటిదే, అట్లాంటి పదబంధాలను వెతికి పట్టే పరిశోధకులే ఉన్నారు. ఏఐ వాడితే ఎక్కడ వాడారో జర్నల్ అడిగిన చోట రాయండి. రచయితగా దాని పేరు పెట్టనివ్వరు.

బొమ్మలు. రిఫరెన్సు ఇవ్వడం మర్యాద, అనుమతి వేరే సంగతి. సబ్‌స్క్రిప్షన్ జర్నల్‌లోని బొమ్మకు హక్కు సాధారణంగా ప్రచురణకర్తది. ఆ వ్యాసం పేజీలోనే పర్మిషన్స్ లింక్ ఉంటుంది, చాలావాటికి అది రైట్స్‌లింక్‌కు తీసుకుపోతుంది. ఆ బొమ్మను ఏ జర్నల్‌లో వాడుతున్నారో చెప్తే లైసెన్సు పత్రం వస్తుంది, దాన్ని దాచుకోండి. సీసీ బై లైసెన్సు (మూలం చెప్పి ఎవరైనా వాడుకోవచ్చనే లైసెన్సు) ఉంటే అనుమతి అక్కర్లేదు, మూలం, లైసెన్సు పేరు, మీరు చేసిన మార్పు రాస్తే చాలు. రంగులు మార్చి "అడాప్టెడ్" అని రాసినంత మాత్రాన అనుమతి బాధ తప్పదు. అసలు నాలుగూ అరువు బొమ్మలే అయితే రివ్యూలో మీ సొంతం ఏముందని అడుగుతారు. పంట దశలు అడ్డంగా, బెట్ట ప్రభావాలు నిలువుగా పెట్టి మీరే ఒకటి గీయండి. గీతల బొమ్మకు వెక్టర్ ఫైలు మేలు. ఫొటో అయితే 300 డీపీఐ తగ్గకూడదు.

వారంలో వేస్తామన్న మెయిల్ డిలీట్ చేయండి. అంత త్వరగా పీర్ రివ్యూ జరగదు. "యూజీసీ కేర్‌లో (యూజీసీ ఆమోదించిన జర్నళ్ల జాబితాలో) ఉన్నాం" అని రాసి ఉన్నా పట్టించుకోవద్దు, ఆ జాబితాను 2025 ఫిబ్రవరిలో నిలిపేశారు. ఐఎస్ఎస్ఎన్ నంబరుతో స్కోపస్ సోర్సుల జాబితాలో వెతకండి, అక్కడ ఇచ్చిన ప్రచురణకర్త పేరు, మీకు మెయిల్ పంపిన సైటు ఒకటేనా చూడండి. మంచి జర్నళ్ల పేరుతో దొంగ సైట్లు నడిపేవాళ్లున్నారు. ఫీజు లేకుండా కావాలంటే హైబ్రిడ్ జర్నల్ (సబ్‌స్క్రిప్షన్, ఓపెన్ యాక్సెస్ రెండు మార్గాలూ ఉన్నది) చాలు. అంగీకారం వచ్చాక సబ్‌స్క్రిప్షన్ మార్గం ఎంచుకోండి, ఓపెన్ యాక్సెస్ మీద పొరపాటున నొక్కితే బిల్లు వస్తుంది. పేజీ చార్జీలు, రంగు బొమ్మల చార్జీలు ఉన్నాయేమో ముందే చదవండి.

జర్నల్ ఎంపికలో ఇంకో మెలిక: కొన్ని ఆహ్వానించినవాళ్ల రివ్యూలే వేస్తాయి. యాన్యువల్ రివ్యూస్ అట్లాంటివే. మీ జాబితాలోని జర్నల్ గత రెండేళ్లలో రివ్యూలు వేసిందా, రచయితలు ఎవరు, చూసుకోండి.

పంపే రోజు: కవర్ లెటర్, రచయితల వివరాలతో టైటిల్ పేజీ, పేర్లు లేని మాన్యుస్క్రిప్ట్ (డబుల్ బ్లైండ్, అంటే రచయితలు, రివ్యూయర్లు ఒకరికొకరు తెలియని పద్ధతి అయితే), బొమ్మలు, టేబుళ్లు, అనుమతి పత్రాలు. ఎల్సెవియర్ జర్నల్ అయితే హైలైట్స్ (ముఖ్యాంశాల చిన్న వాక్యాలు) 3 నుంచి 5, ఒక్కొక్కటి ఖాళీలతో కలిపి 85 అక్షరాలు దాటకూడదు. ఆర్టికల్ టైప్ దగ్గర రివ్యూ అని మార్చడం మరవద్దు. ఎడిటోరియల్ మేనేజర్‌లో (పేపర్లు పంపే ఆన్‌లైన్ వ్యవస్థలో) ఫైళ్లు ఎక్కించాక అది పీడీఎఫ్ తయారుచేస్తుంది. దాన్ని తెరిచి చూసి అప్రూవ్ నొక్కాలి. నొక్కకపోతే పేపర్ మీ ఖాతాలోనే ఉంటుంది, ఎడిటర్‌కు చేరదు. సూచించే రివ్యూయర్లకు సంస్థ ఈమెయిళ్లే ఇవ్వండి, మీ గైడ్‌తో ఈమధ్య పేపర్లు రాసినవాళ్లను పెట్టొద్దు.

కడప_ఫిజియాలజీ:
ఒకటి కలుపుతాను. పూర్తిగా రాయకముందే ఎడిటర్‌కు ప్రీసబ్మిషన్ ఎంక్వైరీ పంపండి. రెండు వందల పదాల సారాంశం, హెడ్డింగుల జాబితా, గత ఐదేళ్లలో ఇదే అంశం మీద వచ్చిన రివ్యూల పేర్లు, వాటిలో లేనిది మీ దగ్గర ఏముందో రెండు వాక్యాలు. ఆ రెండు వాక్యాలు రాయలేకపోతే ఎడిటర్ జవాబు కోసం ఎదురుచూడాల్సిన పనిలేదు.

పెన్నా_ఒడ్డు:
దీనికి నేను పూర్తిగా ఒప్పుకోను. చిన్న జర్నళ్లలో ఎంక్వైరీకి జవాబే రాదు, నెలలు పోతాయి. రివ్యూలకు ఎంక్వైరీ కావాలని జర్నల్ గైడ్‌లైన్స్‌లో ఉంటేనే పంపండి. లేకపోతే అవే వాక్యాలను కవర్ లెటర్‌లో పెట్టి నేరుగా సబ్మిట్ చేయండి.

అనంత_బాటనీ:
అర్థమైంది. ఇంకొక్కటే: థీసిస్ ముందు సమర్పించాలా, ఆర్టికల్ ముందా? శోధ్‌గంగలో పడితే మళ్లీ నా థీసిస్‌తోనే సిమిలారిటీ వస్తుంది కదా?

పెన్నా_ఒడ్డు:
వస్తుంది. వచ్చినా చాలా జర్నళ్లు థీసిస్‌ను ముందస్తు ప్రచురణగా లెక్కించవు. మీరు పంపాలనుకున్న జర్నల్ నిబంధన చదివి, కవర్ లెటర్‌లో "ఇందులో కొంత భాగం నా పీహెచ్‌డీ థీసిస్ నుంచి" అని ఒక వాక్యం రాయండి. ఆర్టికల్ ముందు వస్తే థీసిస్‌లో దాన్ని ఉటంకించండి. థీసిస్‌లో చేర్చుకోవడానికి ఎల్సెవియర్ లాంటి ప్రచురణకర్తలు రచయితలకు అనుమతిస్తారు. విశ్వవిద్యాలయంలో సిమిలారిటీ రిపోర్టు తీసేటప్పుడు ఆ ఆర్టికల్ వివరాలు గైడ్ సార్ ద్వారా ముందే లైబ్రరీకి రాసివ్వండి.