512 జీబీ డిస్క్‌లో ఉబుంటుకి పార్టిషన్లు (డిస్క్ భాగాలు) ఎలా?

మారతహళ్లి పీజీవాలా: అన్నలూ, విండోస్ 11 పక్కనే ఉబుంటు లినక్స్ వేద్దామనుకుంటున్నా, 150 జీబీ ఇవ్వగలను. రూట్ (సిస్టమ్ ఫైళ్లు), హోమ్ (మన సొంత ఫైళ్లు) విడివిడిగా పెట్టాలా? ర్యామ్ చాలనప్పుడు వాడే స్వాప్‌కి పార్టిషన్ తప్పనిసరా?

టెర్మినల్ తాత: విడగొట్టకు తమ్ముడూ. డాకర్ (యాప్‌లను కంటైనర్లలో నడిపే టూల్) ఇమేజీలన్నీ మామూలుగా రూట్‌లోకే పోతాయి, దానికి 40 ఇస్తే అది నిండిపోయి ఇక్కడ హోమ్‌లో 80 ఖాళీగా ఉంటే ఏం లాభం? స్వాప్‌కి ఫైల్ చాలు, 17.04 వెర్షన్ నుంచి ఉబుంటు అదే పెట్టుకుంటోంది.

కోరమంగళ కోడర్: నేనొప్పుకోను. డిస్ట్రోలు (లినక్స్ రకాలు) మార్చే పిచ్చి ఉంటే హోమ్ విడిగానే ఉండాలి.

రాత్రి షిఫ్ట్: ఆ గొడవ తర్వాత. ముందు బిట్‌లాకర్ (విండోస్ డిస్క్ లాక్) రికవరీ కీ దాచుకో, సీ డ్రైవ్‌ని విండోస్‌లోనే ష్రింక్ చెయ్యి. బూట్ ఫైళ్లుండే ఈఎఫ్‌ఐ పార్టిషన్‌కి ఫార్మాట్ టిక్ పెట్టావో, విండోస్ బూట్ అవదు. ల్యాప్‌టాప్‌లో రెండో స్లాట్ ఉంటే మాత్రం బెంగళూరు ఎస్పీ రోడ్ ఎలక్ట్రానిక్స్ మార్కెట్‌కెళ్లి ఇంకో ఎస్‌ఎస్‌డీ తెచ్చుకో, ఈ టెన్షనే ఉండదు.