చేసి చూపలేని టెక్నిక్‌ను నేర్పవచ్చా? వయసు పైబడిన కరాటే మాస్టారి సందేహం

ప్రశ్న: రాజమండ్రి కరాటే

నా వయసు 58. కాలేజీ రోజుల్లో మొదలైన షోటోకాన్ కరాటే సాధన నేటికీ కొనసాగుతోంది. సాయంత్రాలు ఒక స్కూలు హాల్లో పిల్లలకూ పెద్దలకూ నేర్పుతున్నాను. మోకాలిలో మృదులాస్థి అరుగుతోందని, దూకడం, బాగా వంగి నిలబడడం తగ్గించుకోవాలని డాక్టరు చెప్పారు. ఉన్సు అనే కటాలో (ముందే నిర్ణయించిన కదలికల వరుసలో) గాలిలోకి ఎగిరి గుండ్రంగా తిరిగే జంపును బ్లాక్ బెల్టు విద్యార్థులకు మాటలతో వివరించగలనే తప్ప చేసి చూపలేకపోతున్నాను. “చేసి చూపలేని మాస్టారి దగ్గర పిల్లలు ఏం నేర్చుకుంటారండీ” అని ఒక విద్యార్థి తండ్రి సూటిగానే అడిగారు. ఆయన అడిగినదాంట్లో నాకు తప్పేమీ కనిపించలేదు. ఇటువంటి స్థితిలో సొంత సాధనను ఎలా మార్చుకోవాలి, చేయలేనిదాన్ని నేర్పడం సబబేనా అన్నది అనుభవజ్ఞులు చెప్పాలని కోరుతున్నాను.

జవాబు: హైదరాబాద్ జూడో

మాస్టారూ, మీ రెండో ప్రశ్నకు జూడోలో ఒక గొప్ప ఉదాహరణ ఉంది. 1882లో కోడోకాన్ అనే తొలి జూడో శిక్షణశాలను స్థాపించిన జిగోరో కానోకు జుజుత్సు నేర్పిన గురువు మనవరాలు కేకో ఫుకుడా, 1935లో కోడోకాన్‌లో చేరారు. ఐదడుగులైనా లేని మనిషి. ఆడవాళ్లకు ఐదో డాన్ (బ్లాక్ బెల్టులోని స్థాయి) దాటి ప్రమోషన్ ఇవ్వకూడదన్న పద్ధతి వల్ల ఏళ్ల తరబడి అక్కడే ఆగిపోయి, 1972లో గానీ ఆరో డాన్ అందుకోలేదు. 2006లో కోడోకాన్ తొమ్మిదో డాన్ ఇచ్చింది, 2011లో అమెరికా జూడో సంస్థ పదో డాన్ ఇచ్చింది. 2013లో, 99 ఏళ్ల వయసులో శాన్‌ఫ్రాన్సిస్కోలో కన్నుమూశారు. తొంభై దాటాక కూడా ఆమె నేర్పడం మానలేదు. ఆ వయసులో ఆమె ఎవరినీ ఎత్తి పడేసి చూపించి ఉండరు గదా!

ఆమెకు పేరు తెచ్చిన జు నో కటాను గమనిస్తే మీ మొదటి ప్రశ్నకు కూడా జవాబు దొరుకుతుంది. అందులో ఉన్న 15 టెక్నిక్‌లలో ఒక్కదానిలోనూ ఎదుటివారిని నేలకేసి కొట్టరు. బ్యాలెన్స్ తప్పించి, కొన్నిటిలో నడుము మీదికి ఎత్తి, అక్కడితో ఆపి మళ్లీ నెమ్మదిగా దింపుతారు. కింద పడడం లేదు గనుక మ్యాట్ లేని గదిలో, మామూలు బట్టల్లో కూడా చేసుకోవచ్చు. ఇది ముసలివాళ్ల కోసం తగ్గించిన జూడో అని కొందరు తేలిగ్గా మాట్లాడతారు, కానీ దీన్ని రూపొందించినది కానోయే. వేగం చాటున దాగే తప్పులన్నీ ఇందులో బయటపడతాయి.

జవాబు: విశాఖ షోటోకాన్

ముందు మీ హాలు నేల సంగతి చూడండి. గచ్చు మీద వట్టి కాళ్లతో మవాషి గేరి (కాలిని గుండ్రంగా తిప్పి కొట్టే కిక్) కొట్టేటప్పుడు, చెమటకు అరికాలు నేలకు పట్టేసి, నిలబడిన కాలి మడమ లక్ష్యం వైపు తిరగదు. నడుము మాత్రం తిరుగుతుంది. ఆ మెలి అంతా మోకాలి మీదే పడుతుంది. మడమ కొద్దిగా లేపి, ముందుగా పాదం తిప్పి, తరువాతే కాలు విసరమని పిల్లలకు కూడా చెప్పాలి, ఎందుకంటే మీకు ఈ రోజు వచ్చిన నొప్పి వాళ్లకు ముప్పై ఏళ్ల తరువాత వస్తుంది.

స్టాన్సు (కాళ్లు వంచి నిలబడే భంగిమ) లోతు తగ్గితే షోటోకాన్ కాకుండా పోతుందన్న బెంగ అక్కర్లేదు. షోటోకాన్ స్థాపకుడు గిచిన్ ఫునకోషి 1922లో ఒకినావా నుంచి టోక్యోకు వచ్చిన తరువాతి దశాబ్దంలో తీయించుకున్న ఫోటోలు చూస్తే, ఆయన నిలబడిన తీరు ఈనాటి పోటీలవాళ్ల కంటే ఎంతో ఎత్తుగా, కాళ్ల మధ్య దూరం తక్కువగా కనిపిస్తుంది. ఆ లోతు ఆయన కుమారుడి కాలంలో పెరిగిందని చెబుతారు. మీరు మొదటి తరం కొలతకు వెళుతున్నారనుకోండి. జంపు మాత్రం మానేయండి, దానికి బదులు అదే చోట కాలు మార్చి తిరిగితే కటా ఆగిపోదు.

జవాబు: కళరి విద్యార్థిని, బెంగళూరు

కేరళ యుద్ధవిద్య కళరిపయట్టులో ఈ సందేహమే రాదు. మెయ్‌తారిలో (శరీర కసరత్తుల దశలో) గురుక్కళ్ (గురువు) వాయ్‌త్తారి (నోటి ఆదేశాలు) పలుకుతూ ఉంటే, ఆ మాట వెంట శిష్యుల శరీరాలు కదులుతాయి. గురువు ప్రతి అడుగూ తాను వేసి చూపాలన్న నియమం లేదు. కళరి గురువు మీనాక్షి అమ్మ ఏడేళ్ల వయసులో మొదలుపెట్టి, భర్త పోయిన తరువాత వడకరలోని కళరి (శిక్షణశాల) బాధ్యత మీద వేసుకుని, డెబ్బై దాటాక కూడా కత్తీ డాలూ పట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. అయితే ఒక్క మాట. ఆమెలాంటివారిని చూసి మనమూ అలా చేసి తీరాలనుకోవడం పొరపాటు. వర్షాకాలంలో ఒంటికి నూనె పట్టించి చేసే ఉళిచిల్ అనే మర్దన ఆ సాధనలో భాగమే గనుక ఆమె శరీరానికి దక్కిన సంరక్షణ వేరు. మీరు డాక్టరు మాటే వినండి.

కొత్తగా చేరిన పిల్లల విషయంలో ఆ తండ్రి అన్నది కొంత నిజమే. చిన్నవాళ్లు చెవితో కంటే కంటితోనే ముందు నేర్చుకుంటారు. వాళ్లకు చూపడానికి ఒక సీనియర్‌ను ముందు వరుసలో నిలబెట్టండి.

ప్రశ్న వేసినవారు: రాజమండ్రి కరాటే

అందరికీ ధన్యవాదాలండీ. నేల సంగతి నాకు తట్టలేదు. ఈ వారమే ఫోమ్ మ్యాట్‌ల ధర కనుక్కుంటాను. ఉన్సు జంపు చూపే పని ఒక రెండో డాన్ అమ్మాయికి అప్పగించాను. ఆమె దూకుతుంటే పక్కన నిలబడి, కిందికి దిగేటప్పుడు చేతులు నేలకు ఎలా ఆనాలో నేను చెబుతున్నాను. ఇక మిగిలిన చిక్కు బెల్టు పరీక్షది. నేను ఎత్తుగా నిలబడి చూపిస్తే పిల్లలూ అలాగే నిలబడి మార్కులు పోగొట్టుకుంటున్నారు. దీనికి విశాఖ మాస్టారు ఏం చేస్తున్నారో చెప్పగలరా?

జవాబు: విశాఖ షోటోకాన్

నేను కూర్చుని చూపిస్తానండీ. స్టూలు మీద కూర్చుని, పిల్లవాడి ముందు మోకాలు బొటనవేలి మీదికి వచ్చేదాకా చేత్తో నెమ్మదిగా ముందుకు తెచ్చి, వెనుక మడమ లేవకుండా అక్కడ నా పాదం ఆనిస్తాను. వాళ్లు చూసేది నా స్టాన్సును కాదు గనుక అనుకరించడానికి ఏమీ ఉండదు.