బర్డ్ ఫ్లూ రోజుల్లో పశువుల ఆసుపత్రిలో పక్షులను చూడవచ్చునా?

గోదారి గట్టు (చర్చ ప్రారంభించినవారు):
నేను పాలకొల్లు వైపు ఒక చిన్న ప్రైవేటు పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా పని చేస్తున్నాను. 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరులోనూ, పెరవలి మండలం కానూరు అగ్రహారంలోనూ చచ్చిన కోళ్ళకు హెచ్5ఎన్1 (బర్డ్ ఫ్లూ వైరస్) సోకినట్లు భోపాల్‌లోని జంతు వ్యాధుల ప్రయోగశాల తేల్చినప్పటి నుంచి, మా దగ్గరకు వచ్చే కోళ్ళు, పావురాలు, లవ్ బర్డ్స్ విషయంలో ఏం చేయాలో పాలుపోవడం లేదు. ఇంతకాలం కుక్కలనూ పిల్లులనూ కూర్చోబెట్టే వరండాలోనే కోడి గంపలు కూడా దించేవారు. పిల్లికి ఈ వైరస్ సోకితే బతకడం కష్టం కనుక ఇకపై అది కుదరదు. ముందుగా ఫోను చేసి సమయం తీసుకున్నవారి పక్షులను మాత్రమే, అదీ మధ్యాహ్నం 3 గంటల తరువాత, వెనుక దొడ్లో వేపచెట్టు కింద చూస్తే చాలునని నా ఆలోచన. ఫోనులో మూడు ప్రశ్నలు అడుగుతున్నాను: మీది ఏ ఊరు, ఈ వారంలో ఎన్ని పక్షులు చచ్చాయి, వాటితో బాతులు కలిసి తిరుగుతున్నాయా. డాక్టరు గారు మాత్రం ఈ గొడవ తగ్గేవరకు పక్షులను పూర్తిగా మానేద్దామంటున్నారు. మీ అభిప్రాయాలు చెప్పగలరు.

ఫారం మనిషి:
మీ డాక్టరు గారి మాటే సరైనది. నేను లేయర్ (గుడ్లు పెట్టే) కోళ్ళ ఫారం నడుపుతున్నాను. దాణా లారీ చక్రాలకు మందు కొట్టించిన తరువాతే గేటు తీయిస్తున్నాను, పనివాళ్ళ చెప్పులు బయటే విడిపిస్తున్నాను, ఇంటి దగ్గర నాటుకోళ్ళు ఉన్నవారికి జీతమిచ్చి మరీ సెలవు పెట్టించాను. మేము ఇంత చేస్తుంటే మీరు పది ఊళ్ళ జబ్బు కోళ్ళను ఒక చెట్టు కిందకు చేర్చడం సంత పెట్టడం కాక మరేమిటి? అక్కడ రెట్ట తొక్కిన మనిషి అటు నుంచి అటే మా ఊరి టీ కొట్టుకు వస్తాడు.

చిలక పచ్చ:
మాది భీమవరంలో రెండవ అంతస్తు. మా కాకటీల్ (పెంపుడు చిలక) ఏనాడూ గడప దాటలేదు. మొన్న దానికి గుడ్డు అడ్డుపడితే మూడు చోట్ల పక్షులను చూడము పొమ్మన్నారు. కొల్లేరు కొంగల జబ్బుకు మా ఇంటి పంజరానికి శిక్ష ఏమిటో నాకు అర్థం కాలేదు.

డేగకళ్ళు:
ఫోను సంగతి తరువాత చూద్దాం, ముందు గంప సంగతి తేల్చండి. సంక్రాంతికి కాలికి గాయమైన మా డేగకు (పందెం కోడికి) కుట్లు విప్పించడానికి పోయిన వారం ఒక ఆసుపత్రికి (పేరు చెప్పను) తీసుకువెళ్ళాను. కోడిని చూశారు, బాగానే చూశారు. ఆ తరువాత నన్ను ఒక్క మాటైనా అడగకుండా వెదురు గంపను దొడ్లో వేసి కాల్చేశారు. అది మా మావయ్య అల్లించి ఇచ్చిన గంప. కోడిని చంకలో పెట్టుకుని బస్సులో రావలసి వచ్చింది. అంటే గంపకు అంటిన జబ్బు నా చొక్కాకు అంటదా?

రెల్లుపొద:
ఆయ్, అది మాత్రం పాయింటేనండి.

గోదారి గట్టు:
డేగకళ్ళు గారూ, అడగకుండా కాల్చడం తప్పే, కాదనను. అయితే వెదురు సందుల్లో ఇరుక్కున్న రెట్ట కడిగితే పోదు, రెట్ట ఉన్నచోట బ్లీచింగు నీళ్ళు పోసినా వాటి బలం చచ్చిపోతుంది. ముందు సబ్బుతో శుభ్రంగా కడిగి, ఆ తరువాత మందు కొట్టి ఆరనివ్వాలి. ప్లాస్టిక్ బుట్టకైతే అది సాధ్యం, వెదురుకు కాదు.

డేగకళ్ళు:
సున్నం పూసి ఎండలో పెడితే సరిపోదా? గంప ఖరీదు ఎవరిస్తారు?

ఫారం మనిషి:
నా గేటు వెనుక నా ఆస్తి మొత్తం ఉంది. మీరు గంప ఖరీదు అడుగుతున్నారు! అసలు కోడిపందెమే చట్టవిరుద్ధమైనప్పుడు ఆ గాయానికి ఆసుపత్రిలో వరుస ఇవ్వడం దేనికి?

చిలక పచ్చ:
గంప గొడవలో నా ప్రశ్నను అందరూ దాటేశారు.

ముసలి వైద్యుడు:
నేను ప్రభుత్వ పశువైద్యుడిగా చేసి పదవీ విరమణ పొందినవాడిని. ఇంట్లో పంజరం దాటని పక్షికి అపాయం తక్కువ, కనుక దానిని ఉదయమే, వేరే గదిలో చూడవచ్చును. అసలు చిక్కు పెరటి కోడితోనే. మెడ వాలిపోవడం, ఆకుపచ్చని రెట్ట, ఉన్నట్టుండి చావడం వంటి లక్షణాలు కొక్కెర తెగులులోనూ (రాణిఖెత్ అనే కోళ్ళ జబ్బు) ఉంటాయి, బర్డ్ ఫ్లూలోనూ ఉంటాయి. తలమీది ఎర్రని జుట్టు (తురాయి) నల్లబడితే అనుమానం పెరుగుతుందే తప్ప కంటితో చూసి ఇది ఫలానా అని చెప్పగల వైద్యుడు లేడు. బాతు మరీ మోసకారి, ఏ లక్షణమూ చూపకుండానే వైరస్‌ను మోయగలదు. కనుక చచ్చిన కోడిని తెచ్చి కోసి చూడమని ఎవరైనా అడిగితే మీ డాక్టరు గారు కత్తి ముట్టుకోకూడదు. అనుమానం కలిగితే పైకి తెలియజేయడం 2009 నాటి జంతువుల అంటువ్యాధుల చట్టం ప్రకారం యజమానికీ వైద్యుడికీ కూడా బాధ్యత.

డేగకళ్ళు:
చూశారా, అసలు మాట ఇప్పుడు బయటపడింది. మీరు కోడిని చూడటానికి కాదు, పైకి చెప్పడానికి సమయం ఇస్తున్నారు. సరే, నేనూ చెబుతాను. ఆ ఆసుపత్రివారు కూడా ఫోనులో ఎన్ని చచ్చాయని అడిగారు. ఒక్కటీ లేదన్నాను. నిజానికి అప్పటికి మూడు పెట్టలు చచ్చాయి, గట్టున పాతిపెట్టాను.

ఫారం మనిషి:
సిగ్గు లేకుండా రాస్తున్నారు! మీలాంటి వారి వల్లనే మా షెడ్లు ఖాళీ అవుతున్నాయి.

డేగకళ్ళు:
మీ షెడ్డులో అధికారులు కోళ్ళను చంపితే లెక్క రాసి పరిహారం ఇస్తారు. నేను నోరు విప్పి, అది నిజమని తేలితే, మా ఇంటి చుట్టూ కిలోమీటరు మేర ప్రతి పెరట్లోని కోడినీ పట్టుకుపోతారు. ఎదురింటి పిన్ని గుడ్లమ్మి మనవడికి పుస్తకాలు కొంటుంది. రేపటి నుంచి ఆవిడ ముఖం ఎలా చూడాలి? నా డేగను రెండేళ్ళు బాదం పెట్టి పెంచాను, పరిహారంలో అదీ ఒక మామూలు కోడే. చెప్పినవాడు ఊరికి శత్రువు, దాచినవాడు చట్టానికి శత్రువు. మీ మూడు ప్రశ్నలలో దీనికి జవాబు ఉందా?

ముసలి వైద్యుడు:
లేదు. అయితే పరిహారం చంపిన పక్షులకే తప్ప, అంతకుముందే చచ్చినవాటికి రాదు. మీరు దాచిన ప్రతి రోజూ ఆ పిన్ని గారి కోళ్ళు ఒక లెక్కలో నుంచి మరొక లెక్కలోకి జారిపోతుంటాయి. ఆ మూడు పెట్టలు చచ్చి ఎన్నాళ్ళయింది?

డేగకళ్ళు:
పదిహేను రోజులు దాటింది. మిగిలినవి మేత తింటున్నాయి.

ముసలి వైద్యుడు:
బర్డ్ ఫ్లూయే అయితే పెరట్లో మిగిలినవి సాధారణంగా ఇన్నాళ్ళు ఆగవు, మరేదైనా జబ్బు కావచ్చు. అయినా మీ మండల పశువైద్యుడికి ఈ రోజే చెప్పండి, గొంతు నుంచీ మలద్వారం నుంచీ నమూనాలు తీసుకుంటారు.

గోదారి గట్టు:
ఆ రెండవ ప్రశ్నను తీసేస్తున్నాను. దానికి అందరూ సున్నా అనే చెబుతారని ఇప్పుడు తెలిసింది. ఎన్ని చచ్చాయన్నది అడగకుండా, ప్రతి పెరటి కోడీ అనుమానం ఉన్నదే అనుకుని, మనిషికీ మనిషికీ మధ్య అరగంట విడిచి, చేతి తొడుగులూ మాస్కూ మార్చుకుని చూస్తాము. పంజరం పక్షులకు ఉదయం 9 గంటలకు, ముందు గదిలో. గంపలు తేవద్దు, కాల్చినా ఎవరికీ బాధ కలగని అట్టపెట్టెలో తెండి. డాక్టరు గారు ఇంకా ఒప్పుకోలేదు, రాత్రికి ఇదంతా ఆయనకు చదివి వినిపిస్తాను.

డేగకళ్ళు:
అట్టపెట్టెలో డేగ పట్టదండి, తోక విరుగుతుంది.