ఇంటర్‌సెప్టర్ 650 ముందు ఫోర్కు మెరుగుపరచాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

గట్టుబాట, కొత్తపేట

నా బండి రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650. వెనుక మా ఆవిడ, రెండు పక్కలా సంచులతో అరకు, శ్రీశైలం, హైదరాబాదు లాంటి దూరాలకు వెళ్తూ ఉంటాం. మిగతా రోజుల్లో రావులపాలెం, అమలాపురం, రాజోలు మధ్యనే తిరుగుతుంది. రోడ్డు సాఫీగా ఉన్నంతసేపు నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఇబ్బంది అంతా వంతెనల దగ్గరే వస్తోంది. ఏ పాయ మీది వంతెన అయినా, రోడ్డు వచ్చి కలిసే చోట కట్ట కుంగి చిన్న మెట్టులా తయారవుతోంది. ఆ అంచు ముందు చక్రానికి తగిలినప్పుడు ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే స్ప్రింగు కాళ్లు) అసలు కదిలిందా అన్నట్టుగా దెబ్బ నేరుగా మణికట్లకు, భుజాలకు ఎక్కుతోంది. పోనీ ఫోర్కు గట్టిగా ఉందా అంటే అదీ కాదు. వంతెన దిగుతుండగా ఎదురుగా గడ్డి ట్రాక్టరు కనిపించి గట్టిగా బ్రేకు వేస్తే, ముందు భాగం ఒక్కసారిగా కిందికి కూలబడి వెనుక కూర్చున్న మనిషి నా వీపు మీదికి వస్తోంది.

మా ఊరి మెకానిక్ చిక్కటి ఆయిల్ పోస్తే సరిపోతుందన్నారు. స్నేహితుడొకరు వేరే బండి అప్‌సైడ్ డౌన్ ఫోర్కును (లావు గొట్టం పైన, సన్నది కింద ఉండే రకం) మొత్తంగా తెచ్చి బిగించమంటున్నారు. ఇంకొకరు కార్ట్రిడ్జ్ కిట్టు (ఫోర్కు లోపలి భాగాలను మొత్తంగా మార్చే సెట్టు) తప్ప మిగతాదంతా దండగ అంటున్నారు. ఖర్చుకు వెనకాడను గానీ ఒకదాని తర్వాత ఒకటి కొని చూసే ఓపిక లేదు. ఈ పని చేసినవారు గానీ, చేయించుకున్నవారు గానీ ఏది ముందు, ఏది తర్వాత అన్నది కాస్త వివరంగా చెప్పగలరా?

స్పానర్ సెట్టు, పాలకొల్లు

మీ మెకానిక్ చెప్పినది తీసిపారేయవలసిన మాట కాదండి. పాత ఆయిల్ తీసి చూస్తే చాలా బళ్లలో అది బూడిద రంగు నీళ్లలా ఉంటుంది. కొత్తది పోయగానే బండి మారిపోయినట్టు అనిపిస్తుంది. ఒక గ్రేడు చిక్కటిది పోసి, స్ప్రింగు మీద వాషర్లు వేసి కొంచెం బిగిస్తే బ్రేకు వేసినప్పుడు కూలబడటం తగ్గుతుంది. మా షాపులో ఎక్కువమందికి ఇంతే చేస్తాం, వాళ్లకు ఇంతే సరిపోతుంది. వేలకు వేలు పోసే ముందు ఇది చేసి చూడండి.

లంకబాటసారి, రాజోలు

స్పానర్ సెట్టు గారు ఆయిల్ మార్చమన్నది సరైన సలహాయే. అయితే గట్టుబాట గారు చెప్పిన లక్షణాలు రెండూ కలిపి చూస్తే చిక్కటి ఆయిల్ ఒక బాధను కొంచెం తగ్గించి రెండోదాన్ని పెంచుతుంది. ఎందుకో చెబుతాను.

ఈ బండికి ఉన్నది 41 మి.మీ. గొట్టాల మామూలు టెలిస్కోపిక్ ఫోర్కు. కదలిక 110 మి.మీ. మాత్రమే. లోపల ఉండేది డ్యాంపర్ రాడ్డు, అంటే కింది భాగంలో రంధ్రాలున్న గొట్టం లాంటిది. ఫోర్కు లోపలికి పోయినప్పుడు ఆయిల్ ఆ రంధ్రాల గుండానే బయటపడాలి. స్థిరమైన రంధ్రం గుండా ద్రవాన్ని తోసినప్పుడు ఎదురయ్యే నిరోధం వేగానికి వర్గంగా పెరుగుతుంది: వేగం రెట్టింపు అయితే నిరోధం సుమారు నాలుగు రెట్లు అవుతుంది. బ్రేకు వేసినప్పుడు ఫోర్కు నెమ్మదిగా దిగుతుంది కనుక ఆయిల్ హాయిగా దారి ఇచ్చేస్తుంది, ముందు భాగం కూలబడుతుంది. అదే వంతెన అంచు తగిలినప్పుడు ఫోర్కు కదలవలసిన వేగం ఎన్నో రెట్లు ఎక్కువ. అంత ఆయిల్ ఆ రంధ్రాల్లో పట్టదు, ఫోర్కు ఆ క్షణానికి ఇనుప కడ్డీ అయిపోతుంది. అందువల్ల ఒకే ఫోర్కు ఒకచోట మెత్తగానూ, మరొకచోట గట్టిగానూ కనిపించడంలో వింత లేదు. చిక్కటి ఆయిల్ ఈ రెండు నిరోధాలనూ కలిపి పెంచుతుంది. పైగా రీబౌండ్ (నొక్కుకున్న ఫోర్కు తిరిగి పైకి లేవడం) కూడా నెమ్మదిస్తుంది గనుక, వరుసగా గతుకులు వచ్చే కాలువ గట్టు రోడ్డు మీద ఫోర్కు పూర్తిగా పైకి లేచే లోపే మరో గతుకు తగిలి, మెట్టు మెట్టుగా కిందికి దిగిపోతుంది.

మన ప్రాంతంలో ఈ బాధ ఎక్కువగా తెలియడానికి నేల కూడా ఒక కారణం. వంతెన లోతైన పునాదుల మీద నిలబడి ఉంటుంది. దానికి ఆనుకున్న కట్ట మాత్రం మెత్తటి డెల్టా బంకమట్టి మీద పోసిన మట్టి. కట్ట ఏళ్ల తరబడి కుంగుతూ పోతుంది, వంతెన కుంగదు. కాబట్టి ఆ అంచుకు ఎన్నిసార్లు తారు అతికినా మళ్లీ వస్తుంది. దానికి తగ్గట్టు బండిని సిద్ధం చేసుకోవడమే మన చేతిలో ఉన్న పని.

ఏదైనా కొనే ముందు రెండు పరీక్షలు చేయండి. మొదటిది సాగ్, అంటే బరువుకు ఫోర్కు ఎంత దిగుతుందో, కొలవడం. బండిని సెంటర్ స్టాండు వేసి, ఇంజను కింద జాకీ పెట్టి ముందు చక్రం నేలకు ఆనకుండా లేపి, డస్టు సీలు (గొట్టం లోపలికి దిగే చోట ఉండే రబ్బరు రింగు) నుంచి పైన క్లాంపు దాకా మెరిసే గొట్టం ఎంత పొడవు బయట ఉందో కొలవండి. తర్వాత హెల్మెటు, జాకెట్టుతో సహా మీరు ఎక్కి కూర్చుని, ఒకరి చేత బండిని నిలువుగా పట్టించి, మరొకరి చేత అదే పొడవును రెండుసార్లు కొలిపించండి: ముందు భాగాన్ని కిందికి నొక్కి మెల్లగా వదిలినప్పుడు ఒకసారి, పైకి లేపి మెల్లగా వదిలినప్పుడు ఒకసారి. ఆ రెండింటి సగటును మొదటి కొలత నుంచి తీసివేస్తే మీ సాగ్ వస్తుంది. దూర ప్రయాణాల బండికి అది మొత్తం కదలికలో మూడో వంతుకు కొంచెం తక్కువగా, అంటే ఇక్కడ 30 నుంచి 35 మి.మీ. దాకా ఉంటే బాగుంటుంది. ఆ రెండు కొలతల మధ్య తేడా మరీ ఎక్కువ కనిపిస్తే ఫోర్కులో ఎక్కడో రాపిడి ఉన్నట్టు. స్ప్రింగుల కన్నా ముందు దాని సంగతి చూడాలి.

రెండో పరీక్షకు ఒక ప్లాస్టిక్ టై చాలు. దాన్ని ఫోర్కు గొట్టానికి బిగుతుగా కట్టి డస్టు సీలు దాకా దించి, మిమ్మల్ని బాధించే వంతెన ఎక్కి దిగండి. దెబ్బ గట్టిగా తగిలినా టై మధ్యలోనే ఆగి ఉంటే తప్పు డంపింగుది, అంటే కదలికను ఆయిల్ అడ్డుకునే తీరుది. టై కదలిక పై చివర దాకా పోయి ఉంటే ఫోర్కు అడుగు తాకినట్టు, అంటే స్ప్రింగు చాలడం లేదు. ఇదే పరీక్షను ఖాళీ రోడ్డు మీద, వెనుక ఎవరూ రాకుండా చూసుకుని, గట్టి బ్రేకుకూ విడిగా చేయండి. ఈ రెండు గుర్తులూ చూడకుండా ఏ కిట్టు కొనాలో ఎవరు చెప్పినా అది ఊహే.

వాషర్ల విషయంలో మాత్రం స్పానర్ సెట్టు గారితో నేను ఏకీభవించను. ప్రీలోడ్ (స్ప్రింగును ముందే కొంత నొక్కి ఉంచడం) పెంచితే స్ప్రింగు గట్టిపడదు, ముందు భాగం నిలబడే ఎత్తు మాత్రమే పెరుగుతుంది. రెండు కాళ్ల స్ప్రింగులూ కలిపి మి.మీ.కు 1.8 కిలోల బలం ఉన్నాయనుకుంటే, పైన పది కిలోలు అదనంగా పడినప్పుడు ముందు భాగం సుమారు ఐదున్నర మి.మీ. దిగుతుంది, వాషర్లు ఎన్ని వేసినా ఆ ఐదున్నర మారదు. అది మారాలంటే స్ప్రింగు మారాలి.

ఇంకొక మాట. మీ ఆవిడ బరువు, సంచుల బరువు చాలావరకు వెనుక చక్రం మీద పడతాయి. వెనుక షాకబ్జార్బర్లకు ఐదు మెట్ల ప్రీలోడ్ ఉంది. ఇద్దరు ఎక్కినప్పుడు దాన్ని పెంచుతున్నారా? వెనుక కుంగిన బండికి ముందు ఏ కిట్టు పెట్టినా హ్యాండిల్ తేలిపోతూనే ఉంటుంది.

రేవుదాటి, అమలాపురం

అప్‌సైడ్ డౌన్ ఫోర్కు సంగతి ఎవరూ ముట్టుకోలేదు కనుక రాస్తున్నాను. ఫోర్కుతో పాటు పైకిందా క్లాంపులు, స్టీరింగ్ రాడ్డు, చక్రం, బ్రేకు క్యాలిపర్, ఏబీఎస్ సెన్సరు అన్నీ మారతాయి. ఫోర్కు పొడవు, క్లాంపు ఆఫ్‌సెట్ కొద్దిగా తేడా వచ్చినా ట్రెయిల్ (స్టీరింగు వాలు గీత నేలను తాకే చోటికీ, చక్రం నేలను తాకే చోటికీ మధ్య దూరం) మారి వేగంలో హ్యాండిల్ ఊగడం మొదలవుతుంది. చట్టం వైపు నుంచి చూసినా అది సురక్షితమైన దారి కాదు. మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత ఈ విషయంలో పట్టు బిగిసింది. ప్రమాదం జరిగిన రోజున బీమా సర్వేయరు మొదట చూసేది ఇలాంటి మార్పులనే. ఉన్న ఫోర్కు లోపల స్ప్రింగు, ఆయిల్, వాల్వు మార్చుకోవడం ఈ కోవలోకి వచ్చే పని కాదు.

గట్టుబాట, కొత్తపేట

అందరికీ ధన్యవాదాలు. రెండు పరీక్షలూ చేశాను. నేనొక్కడినే కూర్చున్నప్పుడు సాగ్ 42 మి.మీ. వచ్చింది. వంతెన అంచు దగ్గర టై సగం దూరం కూడా పోలేదు, కానీ భుజాలకు దెబ్బ మాత్రం మామూలుగానే తగిలింది. గట్టి బ్రేకుకు టై దాదాపు పై చివర దాకా పోయింది. వెనుక ప్రీలోడ్ అడుగు మెట్టులోనే ఉంది. ఇద్దరం వెళ్లేటప్పుడు పెంచి చూస్తే హ్యాండిల్ నిజంగానే కుదురుగా ఉంది. ఇప్పుడు స్ప్రింగులతో పాటు వాల్వులు కూడా పెట్టాలా, లేక నేరుగా కార్ట్రిడ్జ్ కిట్టుకు వెళ్లాలా?

లంకబాటసారి, రాజోలు

మీ కొలతలు సమస్యను విడదీసి చూపించాయి. స్ప్రింగు మీ బరువుకు మెత్తన, డంపింగు అంచులకు గట్టి. అందువల్ల మీ బరువుకు లెక్కకట్టిన, మొదలు నుంచి చివర దాకా గట్టిదనం మారని స్ప్రింగులు, వాటి కింద ఎమ్యులేటర్ రకం వాల్వులు మీకు సరిపోతాయి. థాయిలాండు కంపెనీ వైఎస్ఎస్ అమ్మే పీడీ వాల్వులు ఈ కోవకు చెందినవే. ఈ వాల్వు డ్యాంపర్ రాడ్డు నెత్తిన కూర్చుంటుంది. నెమ్మది కదలికకు చిన్న రంధ్రం మాత్రమే తెరిచి ఉంచి, దెబ్బ గట్టిగా తగిలినప్పుడు లోపలి చిన్న స్ప్రింగును నొక్కుకుని పెద్ద దారి తెరుస్తుంది. మీకు కావలసింది సరిగ్గా అదే. ఓలిన్స్ వంటి కంపెనీల కార్ట్రిడ్జ్ కిట్టు ఇంతకన్నా మంచిదే, బయటి నుంచి మరతో సర్దుకునే వీలూ ఉంటుంది. కానీ 110 మి.మీ. కదలికతో, మీరు చెప్పిన వాడకానికి, ఆ ధరకు తగిన తేడా మీకు దొరుకుతుందని నేను అనుకోను.

బిగించేటప్పుడు క్రమం ముఖ్యం. ఫోర్కు ఇంకా బండి మీద ఉండగానే పై క్లాంపు బోల్టు వదులు చేసి, ఆ తర్వాత ఫోర్కు మూతను ఒక చుట్టు మాత్రం తిప్పి వదిలేయాలి. ఫోర్కు బయటికి వచ్చాక ఆ మూత తిప్పాలంటే గొట్టాన్ని వైసులో పట్టించి గీతలు పడేయడమే అవుతుంది. క్యాలిపర్‌ను తీగతో ఫ్రేముకు వేలాడదీయండి, బ్రేకు గొట్టం మీద దాని బరువు పడకూడదు, అది ఊడి ఉన్నంతసేపు ఎవరూ బ్రేకు పిడి నొక్కకూడదు. ఎమ్యులేటర్ పెట్టేటప్పుడు చాలా కిట్లలో డ్యాంపర్ రాడ్డు రంధ్రాలను పెద్దవి చేయమంటారు, లేకపోతే పాత రంధ్రాలే దారి మూస్తాయి. ఒకసారి తొలిచిన రాడ్డు మళ్లీ పాతది కాదు గనుక కిట్టు కాగితం పూర్తిగా చదివాకే డ్రిల్లు పట్టండి. వాల్వు ఎత్తు ఎంతో స్పేసరు అంత కురచ కావాలి. స్పేసరును లేతు మీద సమంగా కోయిస్తే మంచిది, రంపంతో వంకరగా కోసిన పైపు స్ప్రింగును ఓ పక్కకు నెడుతుంది.

ఆయిల్‌ను పరిమాణం చూసి పోయడం కన్నా మట్టం చూసి పోయాలి. స్ప్రింగు బయట ఉండి, ఫోర్కు పూర్తిగా లోపలికి నొక్కి ఉన్నప్పుడు గొట్టం పై అంచు నుంచి ఆయిల్ దాకా ఎంత దూరం ఉండాలో కిట్టువారు చెబుతారు. మందుల షాపులో పెద్ద సిరంజి, సెలైన్ గొట్టం కొనుక్కోండి. గొట్టం మీద ఆ దూరానికి టేపు చుట్టి, టేపు ఫోర్కు అంచుకు ఆనేలా దించి లాగితే ఎక్కువైన ఆయిల్ సిరంజిలోకి వచ్చేసి మట్టం దానంతటదే కుదురుతుంది. ఆ మట్టం పైన మిగిలే గాలి కూడా ఒక స్ప్రింగే. అది తగ్గే కొద్దీ ఫోర్కు చివరి భాగంలో గట్టిపడుతుంది కాబట్టి రెండు కాళ్లలోనూ మట్టం సమానంగా ఉండాలి. గ్రేడు సంఖ్య ఒకటే అయినా ఒక కంపెనీ 10డబ్ల్యూ, ఇంకో కంపెనీ 10డబ్ల్యూ చిక్కదనంలో ఒకటి కావు. డబ్బా మీద 40 డిగ్రీల దగ్గర సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలత) అంకె చూసి కొనండి. రోహిణి కార్తెలో ఎలాగూ ఏ ఆయిలైనా కొంత పలచబడుతుంది.

అన్నీ బిగించాక ఇరుసును బిగించి, దాని పించ్ బోల్టును (ఇరుసును ఫోర్కు కాలికి బిగించి పట్టే బోల్టు) మాత్రం వదులుగానే ఉంచి, ముందు బ్రేకు పట్టుకుని ఫోర్కును నాలుగైదుసార్లు గట్టిగా నొక్కి వదలండి. రెండు కాళ్లూ తమ వరుసలో కుదురుకున్నాక పించ్ బోల్టును టార్క్ రెంచితో బిగించండి. ఈ ఒక్క పని వదిలేసినందువల్ల రాపిడి మిగిలిపోయి, కిట్టునే తప్పు పట్టిన బళ్లు నేను చూశాను. చక్రం లేచి ఉండగానే కోన్‌సెట్‌లో (స్టీరింగు తిరిగే బేరింగుల్లో) ఆట ఉందేమో కూడా చూసుకోండి.

స్పానర్ సెట్టు, పాలకొల్లు

కొలతలు చూశాక నేనూ ఆయనతోనే ఉన్నాను. 42 సాగ్ అంటే వాషర్లతో ఎత్తు తెచ్చుకోవచ్చు గానీ బ్రేకు బాధ పోదు. సీళ్ల గురించి మాత్రం నా వంతు చెబుతాను. ఈ బండికి ఫోర్కు మీద రబ్బరు గైటర్లు (గొట్టాలను కప్పే తొడుగులు) ఉండవు. దమ్ము చేసిన చేల నుంచి ట్రాక్టర్లు రోడ్డు మీదికి తెచ్చే బురద గొట్టానికి అంటుకుని ఎండితే, మరుసటి గతుకుకే సీలు పెదవిని కోస్తుంది. రొయ్యల చెరువుల పక్కన, అంతర్వేది వైపు ఉప్పు గాలికి క్రోమ్ మీద సూది మొన అంత గుంటలు పడతాయి. కొత్త సీలు వేసినా వాటి మీద వారం నిలవదు. ఫోర్కు విప్పిన రోజునే గొట్టాల మీద గోరు నడిపించి చూడండి, గోరు ఎక్కడైనా తట్టుకుంటే ముందు ఆ గొట్టం సంగతి తేల్చాకే కిట్టు బిగించండి. సీలు కారుతున్నట్టు కనిపించగానే మార్చేయనక్కర్లేదు. డస్టు సీలు పైకి జరిపి, పాత ఎక్స్‌రే ఫిల్ము ముక్కను కొక్కెంలా కత్తిరించి సీలు పెదవి చుట్టూ తిప్పితే ఇరుక్కున్న మట్టి చాలాసార్లు వచ్చేస్తుంది. ఆయిల్ బ్రేకు డిస్కు మీదికి దిగితే మాత్రం ప్యాడ్లు మార్చేదాకా బండి తీయవద్దు.