అప్‌డేట్: పాత డెస్క్‌టాప్‌కు గ్రాఫిక్స్ కార్డు కుదిరింది

240 వాట్ల పవర్ సప్లై ఉన్న మా పాత డెస్క్‌టాప్‌కు ఏ గ్రాఫిక్స్ కార్డు సరిపోతుందని అడిగాను కదా. బెంగళూరు ఎస్పీ రోడ్డులో జీటీఎక్స్ 1650 తీసుకున్నాను. ఇది 75 వాట్లు వాడుతుంది, మదర్‌బోర్డు మీద కార్డు గుచ్చే స్లాటు అంతవరకు ఇవ్వగలదు కాబట్టి విడిగా పవర్ కేబుల్ అక్కర్లేదు. అయితే కొన్ని 1650 మోడళ్లకు పైఅంచున ఆరు పిన్నుల సాకెట్ ఉంటుంది. దయచేసి కార్డు బయటికి తీయించి, చూసి మరీ కొనండి.

ఆర్‌ఎక్స్ 6400 అనే మరో కార్డు అయితే 53 వాట్లే. కానీ దానికి ఉన్నవి నాలుగే లేన్లు (డేటా వెళ్లే దారులు). నా బోర్డు స్లాటు పాత తరం పీసీఐఈ 3.0, అందులో ఒక్కో లేను వేగం తక్కువ. నాలుగే లేన్లతో కార్డు వేగం తగ్గుతుందని వదిలేశాను.

కేబినెట్ సన్నం కనుక కార్డు చివరనున్న పొడవాటి బ్రాకెట్ (బిగింపు రేకు) విప్పి పొట్టిది బిగించాం. బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో తమ్ముడి పని ఇప్పుడు హాయిగా సాగుతోంది. ముందు పవర్ సప్లై మీద ఉన్న లేబుల్ చదవమన్నవారికి మనసారా కృతజ్ఞతలు.