సిగ్నల్ దగ్గర హ్యాండ్ బ్రేకా, కాలి బ్రేకా?

ప్రశ్న:
కారు నేర్చుకుని 3 నెలలైంది, మాన్యువల్ గేరు. సిగ్నల్ పడితే ఫస్ట్ గేరులోనే ఉంచి, క్లచ్ పూర్తిగా తొక్కి, ఇంకో కాలు బ్రేకు మీద పెట్టి కూర్చుంటాను. రెండు నిమిషాలయ్యేసరికి ఎడమ పిక్క వణుకుతుంది, కాలు జారితే కారు ముందుకు ఉరుకుతుందేమోనని టెన్షన్. మొన్న ఎత్తు మీద ఆగి, కదలబోతూ వెనక్కి జారాను, వెనకాయన హారన్ మీద చెయ్యి తీయలేదు. నేర్పినాయనేమో హ్యాండ్ బ్రేకు పార్కింగుకే అన్నారు. మీరేం చేస్తారండి?

జవాబు 1:
ముందు న్యూట్రల్ చేసి క్లచ్ వదిలేయండి. తొక్కిపట్టినంతసేపూ, క్లచ్‌ని విడదీసే రిలీజ్ బేరింగ్ అనే భాగం మీద ఒత్తిడి పడుతూనే ఉంటుంది. వెంటనే కదిలేలా ఉంటే కాలి బ్రేకు చాలు, ఆలస్యమైతే హ్యాండ్ బ్రేకు వేయండి. పార్కింగుకే అన్న మాట నేను ఒప్పుకోను, బండి ఆగాక వేస్తే అందులో అరిగేదేముంది? కదులుతుండగా లాగితేనే ప్రమాదం, చాలా కార్లలో అది వెనక చక్రాలనే పడుతుంది.

జవాబు 2:
పైన చెప్పింది నిజమే కానీ ఆగీ ఆగగానే వేయకండి. హ్యాండ్ బ్రేకుకి వెనక బ్రేకు లైట్లు వెలగవు. ఒకసారి రాత్రిపూట ఆగగానే హ్యాండ్ బ్రేకు వేసి కాలు తీసేశాను, వెనక నుంచి వస్తున్నాయన నేను ఆగి ఉన్నానని ఆలస్యంగా గమనించాడు. టైర్లు కీచుమన్నాయి, అద్దంలో చూస్తే మూరెడు దూరంలో ఆయన హెడ్‌లైట్లు. ఇప్పుడు వెనక బండి పూర్తిగా ఆగేదాకా కాలు బ్రేకు మీదే ఉంచుతాను, ఆ తర్వాతే హ్యాండ్ బ్రేకు. అప్పుడు కాలు తీస్తే ఆయన కళ్లకీ ఆ ఎర్ర వెలుగు తగ్గుతుంది. కాలి బ్రేకునే నమ్ముకుంటే ఇంకో భయం ఉంది, ఎవరైనా వెనక నుంచి గుద్దితే ఆ కుదుపుకి కాలు పెడల్ మీంచి జారిపోవచ్చు, ముందు జనం రోడ్డు దాటుతుంటే ఎంత ఘోరం!

జవాబు 3:
ఎత్తు మీద జారడం గురించి ఎవరూ చెప్పలేదు. హ్యాండ్ బ్రేకు అలాగే ఉంచి, ఫస్ట్ గేరు వేసి, కాస్త ఆక్సిలరేటర్ ఇస్తూ క్లచ్ మెల్లగా వదలండి. ఒకచోట ఇంజను శబ్దం బరువెక్కి, బానెట్ కొంచెం లేచినట్టు తెలుస్తుంది. అక్కడ కాలు ఆపి, హ్యాండ్ బ్రేకు లివర్ కాస్త పైకి లేపి, బటన్ నొక్కి దించండి. అంతేగానీ హాఫ్ క్లచ్ మీద, అంటే క్లచ్ సగం తొక్కి బండిని నిలబెట్టకండి, క్లచ్ ప్లేటు మాడిపోతుంది.

ప్రశ్న అడిగినవారు:
పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద చేసి చూశాను. రెండుసార్లు ఇంజను ఆగిపోయింది, ఆ బానెట్ లేవడం పట్టుకోవడానికి ఆరు ప్రయత్నాలు పట్టాయి, ఏడోసారి అంగుళం కూడా జారలేదు! అద్దం చూశాకే హ్యాండ్ బ్రేకు వేయడం మాత్రం ఇంకా అలవాటు కావాలండి.