కొర్రమీను మధ్యాహ్నం దాకా బతికింది, బొచ్చె ఎందుకు చచ్చిపోయింది?

జువాలజీ ఫస్టియర్:
మొన్న మిరుగం రోజు మార్కెట్లో మా మేనత్త దగ్గర కూర్చున్నాను. ఆమె చేపలు అమ్ముతుంది. పొద్దున ఆరింటికి దించిన బొచ్చెలు ఎనిమిదయ్యేసరికే కదలడం మానేశాయి. కొర్రమీలు మాత్రం టబ్బులో నాలుగు వేళ్ల నీళ్లలో, ఒకదాని మీద ఒకటి పడి, మధ్యాహ్నం దాకా కొట్టుకుంటూనే ఉన్నాయి. ఒకటైతే బయటికి దూకి తడి గోనెసంచి కింద దూరింది. గంట తర్వాత తీస్తే తోకతో నా చెయ్యి మీద కొట్టింది.

మా నోట్సులో "చేపలు మొప్పలతో శ్వాసిస్తాయి" అని ఒక్క ముక్కే ఉంది. మరి దీనికి ఊపిరితిత్తులు ఉన్నాయా? కప్పగా మారే దారిలో సగంలో ఉన్న జీవి అనుకోవచ్చా? అత్తను అడిగితే "దాని ప్రాణం గట్టిది బిడ్డా" అంది. వైవాలో అది చెప్తే నవ్వుతారు.

గోదారి గట్టు:
ఊపిరితిత్తులు ఉంటాయి. ఉభయచరాలకు ముందు దశ ఇదే.

పాత లెక్చరర్:
పై జవాబు వైవాలో చెప్పకమ్మా, మార్కులు పోతాయి. చాలా ఏళ్లు ల్యాబులో ఈ చేపల తలలు కోయించినవాణ్ణి, కాస్త పొడుగ్గా రాస్తాను.

ముందు బొచ్చె సంగతి. నీళ్లలో దాని మొప్ప తంతువులు విడివిడిగా ఉంటాయి. బయటికి తీస్తే తడి జుట్టులా అతుక్కుపోతాయి. చుట్టూ బోలెడు ఆక్సిజన్ ఉన్నా ఊపిరాడక చస్తుంది.

కొర్రమీనుకు తల లోపల, మొప్పల పైన, రెండు వైపులా చిన్న అరలు ఉంటాయి. వాటి గోడల నిండా సన్నని రక్తనాళాలు. పైకొచ్చి నోటితో గాలి అందుకుని వాటిలో నింపుకుంటుంది. ఇవి ఊపిరితిత్తులు కావు, అదనపు శ్వాసాంగాలు. ఎదిగిన కొర్రమీనుకు మొప్పలొక్కటే చాలవు. పైకి రానివ్వకపోతే నీళ్లలోనే చచ్చిపోతుంది. చేప నీళ్లలో మునిగి చావడం! ఈ మాట చెప్పినప్పుడు వెనక బెంచీ కూడా తలెత్తేది.

ఎండాకాలం చెరువు తలుచుకో. లీటరు గాలిలో సుమారు 210 మిల్లీలీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. 25 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో మామూలుగా 6 మిల్లీలీటర్లు కూడా కరగదు. గుర్రపుడెక్క కుళ్లిన మడుగులో ఆ కాస్తా ఉండదు. ఇదే కష్టం 'మార్పు' అనే చేపకూ వచ్చింది. దానికి మొప్ప చాపాల (మొప్పల్ని మోసే వంపు ఎముకల) మీద చిన్న చెట్ల కొమ్మల్లాంటివి ఉంటాయి. ఇంగిలాయికి మొప్పల గదిలోంచి రెండు పొడవాటి సంచులు వీపు కండల మధ్యగా తోక వైపు పోతాయి (కోసేటప్పుడు దాని ముల్లు జాగ్రత్త, విషం). ఈ రెండూ మీసాల చేపల వంశం, కొర్రమీను ఇంకో వంశం. గాలి పీల్చే ఏర్పాటు రెండు వంశాల్లో విడివిడిగా వచ్చింది. మీ సిలబస్‌లో అభిసారి పరిణామం అంటే ఇదే.

ఇక కప్ప. దాని పూర్వీకులు వాజాల్లో (ఈత రెక్కల్లో) కండ, ఎముక ఉన్న చేపలు. కొర్రమీను వంశం వాటి నుంచి విడిపోయి 40 కోట్ల ఏళ్లు దాటింది. అది సగం దారిలో లేదు, చెరువుకు సరిపోయిన పూర్తి చేప. ఇంకో విచిత్రం చూడు. ఎముకల చేపల తొలి పూర్వీకులకే ఊపిరితిత్తిలాంటి సంచి ఉండేది. కొర్రమీను దాకా వచ్చేసరికి అది నీళ్లలో తేలడానికి పనికొచ్చే గాలితిత్తి అయింది. డార్విన్ దీన్ని తిరగేసి అనుకున్నాడు, గాలితిత్తే ఊపిరితిత్తిగా మారిందని. కొర్రమీనుకు పాత సంచి ఒంట్లోనే ఉంది, గాలి పీల్చడానికి మాత్రం తలలో కొత్త అర!

"అవసరం చూసి చేప చేసుకుంది" అని మాత్రం రాయకు. కాస్త ఎక్కువ గాలి పట్టిన చేపలు ఎండాకాలం దాటి పిల్లల్ని పెట్టాయి. మిగతావి దాటలేదు.

చెరువు రైతు:
సార్ చెప్పింది నేను డబ్బులు పోగొట్టుకుని నేర్చుకున్నా. కొర్రమీను పెంచిన మొదటి ఏడు, అమ్మకానికి ముందు రాత్రి చేపల్ని వలసంచిలో కట్టి పూర్తిగా నీళ్లలో ముంచి ఉంచాం. ఫ్రెష్‌గా ఉంటాయని మా తెలివి. తెల్లారి విప్పితే సగం పోయాయి. ఇంకోటి, చెరువు చుట్టూ వల కట్టకపోతే వాన రాత్రి గట్టెక్కి పక్క పొలంలోకి పోతాయి.

జువాలజీ ఫస్టియర్:
అన్నా, అయ్యో. సార్, అయితే అత్త టబ్బు నిండా నీళ్లు పోసి మూత పెడితే?

పాత లెక్చరర్:
గాలి ఆడే సందు ఉంటే బతుకుతాయి. అంచుదాకా పోసి మూత బిగిస్తే పోతాయి. మీ అత్త నాలుగు వేళ్ల నీళ్లే ఎందుకు పోస్తుందో ఒకసారి అడుగు. వైవాలో ఆ టబ్బుతోనే మొదలుపెట్టు.